మల్‌సానులేయోలో ఒక పూట

పొద్దున అమ్మను బీపీ చూపించడానికి తీసుకెళ్లాను. మా టోకెన్ 34. మేం వెళ్లేసరికి లోపల పదకొండో నంబరు నడుస్తోంది. నేను ఎస్పెరాంటో నేర్చుకుంటున్నాను, ఒక మనిషి కూర్చుని తయారు చేసిన భాష అది. ఆ నోటు పుస్తకం సంచిలో ఉంది కాబట్టి నాకేం తొందర అనిపించలేదు.

రాత్రి రాసుకున్న మాట "మల్‌సానులేయో". ఆసుపత్రి అని అర్థం. "సాన్" అంటే ఆరోగ్యం, లాటిన్ నుంచి వచ్చింది. ముందు "మల్" చేరిస్తే దానికి ఎదురు. "ఉల్" అంటే మనిషి, "ఎయ్" అంటే చోటు, చివరి "ఓ" నామవాచకానికి గుర్తు. ఒంట్లో బాగోలేనివాళ్లు ఉండే చోటు. తలెత్తి చూస్తే మోచేతి మడతలో దూది అదిమిపట్టుకుని ఒక పెద్దాయన, ఎక్స్‌రే కవరుతో విసురుకుంటూ ఒకావిడ. మాట మొత్తం నా ముందే కూర్చుని ఉంది.

ఈ "ఎయ్" అంటే నాకు ప్రాణం. లెర్నేయో బడి, కుయిరేయో వంటిల్లు. పాఠశాల, పాకశాల, గోశాలల్లో మన "శాల" చేసే పనే అది. ఈ భాషను తయారు చేసిన జామెన్‌హాఫ్‌కి ఈ దారి దొరికింది కుర్రతనంలో, రష్యన్ బోర్డులు చూస్తూ. మిఠాయి కొట్టు మీద "కొండితోర్‌స్కయా" అని ఉండేది. ఆ "స్కయా" ఇంకో బోర్డు మీద కూడా కనిపించింది. ఒక్క తోక తగిలిస్తే ఒక మాటలోంచి ఇంకో మాట పుడుతుంది, జనం పెద్ద డిక్షనరీ బట్టీ పట్టక్కర్లేదు అని అక్కడ తట్టింది. 1887లో వార్సాలో మొదటి పుస్తకం వేసినప్పుడు అందులో ఉన్న ధాతువులు దాదాపు 900. ఆయన కంటి డాక్టరు. పుస్తకం మీద వేసుకున్న పేరు డాక్టర్ ఎస్పెరాంటో, అంటే ఆశపడే డాక్టరు. ఆ పేరే భాషకి నిలిచిపోయింది.

ధాతువుల్లో చాలావరకు ఆయన ఊహించి పుట్టించినవి కావు. కుక్కను హుండో అనడం జర్మన్ నుంచి, పిట్టను బిర్డో అనడం ఇంగ్లీషు నుంచి, "మరియు"కి కాయ్ గ్రీకు నుంచి.

ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడదు. ముసలివాళ్లను "మల్‌యూనా" అంటారు, "యువ"కి ఎదురు అని. పక్కన కళ్లు మూసుకుని కూర్చున్న అమ్మ ముఖం చూశాను. అరవై ఎనిమిదేళ్ల బతుకుని, పోయిన యవ్వనంతో కొలుస్తారా? ముసలితనానికి దాని సొంత మాట ఉండాలి.

"ఏం రాస్తున్నావే?" అంది అమ్మ కళ్లు తెరవకుండానే. చెప్పాను. అమ్మను ఏమంటారని అడిగింది. "పత్రీనో" అన్నాను. పత్రో అంటే నాన్న, "ఈన్" చేరిస్తే ఆడవాళ్లు.

"అంటే నాన్నలోంచి అమ్మని తీశారా?" అంది.

నిజమే, బాధగానే ఉంటుంది. మేనమామకీ బాబాయికీ కూడా కలిపి ఓంక్లో ఒక్కటే. మన ఇళ్లలో అది ఒక్కరోజు కూడా చెల్లదు. కానీ భార్యాభర్తల మాట తిరగబడి నడిచిందని చెప్పాను. రాకుమారుడి భార్యకున్న జర్మన్ పేరు చివరి ముక్క విరిచి "ఎడ్జీనో" అని భార్యకి పెట్టాడట జామెన్‌హాఫ్. తర్వాత అందులోంచి "ఈన్" తీసేస్తే మిగిలిన ఎడ్జో భర్త అయ్యాడు. అమ్మ కళ్లు తెరిచింది.

"ముద్దుగా పిలవడానికి పాన్యో అని కూడా ఉందమ్మా. పత్రీనోని కుదించి, చివర 'న్యో' కలిపి."

"పాన్యో" అని నెమ్మదిగా పలికింది. ఇంతలో 34 పిలిచారు.

బీపీ కొంచెం ఎక్కువే ఉంది, మాత్ర మార్చారు. ఆటో ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, "ఇందాక ఏదో అన్నావు, మళ్లీ అను" అంది.