కింది దవడ కోసం హైదరాబాద్ ప్రయాణం

మా అమ్మకు 68 ఏళ్ళు. పళ్ళన్నీ పోయి, పైనా కిందా కట్టుడు పళ్ళు పెట్టుకుని చాలా ఏళ్ళయింది. పై సెట్టుతో ఆమెకు ఏనాడూ పేచీ లేదు. బాధంతా కింది సెట్టుతోనే. మాట్లాడితే లేస్తుంది, నమిలితే జారుతుంది, కుడివైపు ఒకచోట ఒత్తుకుంటే ప్రాణం పోయినంత పనవుతుంది. మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా మంగళహారతి పాడడానికి మొదట అమ్మనే పిలిచేవారు. ఇప్పుడు పాట మధ్యలో సెట్టు లేస్తుందన్న భయంతో వెనక వరుసలో కూర్చుంటోంది. జొన్నరొట్టె కూడా మానేసింది. కర్నూలులో పుట్టి పెరిగిన మనిషి జొన్నరొట్టె మానేయడమంటే నాకు చిన్న సంగతిగా తోచలేదు.

బెంగళూరులో ఉన్న తమ్ముడు ఒకటే మాట పట్టుకున్నాడు: "ఇంప్లాంట్లు పెట్టించేద్దాం అక్కా, ఖర్చు చెరిసగం." ఇంప్లాంట్లంటే దవడ ఎముకలో దించే లోహపు మరలు, వాటి మీద పళ్ళు బిగిస్తారు. అమ్మకు ఇష్టం లేదు. "ఈ వయసులో నా నోట్లో లక్షలు పోస్తారా? ఇంకో సెట్టు చేయించండి చాలు" అంటుంది. ఎవరి మాట సరైనదో తేల్చుకోవాలంటే చూపించాల్సిందే. పిన్ని వాళ్ళు మలక్‌పేటలో ఉన్నారు కాబట్టి హైదరాబాద్ వెళ్దామనుకున్నాం.

తెల్లవారుజామున కర్నూలు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటగానే తుంగభద్ర వంతెన, అది దాటితే తెలంగాణ. కార్తీక మాసం కావడంతో నది నిండుగా ఉంది. అలంపురం చౌరస్తా రాగానే అమ్మ చేతులు జోడించి, "వచ్చేటప్పుడు దిగుదాం పాపా, జోగులాంబను చూసి చాలా కాలమైంది" అంది. బీచుపల్లి దగ్గర కృష్ణ మీదుగా పోతుంటే కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరింది. రేవులో అప్పటికే ఆడవాళ్ళు దీపాలు వదులుతున్నారు.

జడ్చర్లలో బస్సు టిఫిన్ కోసం ఆగింది. అమ్మ కింది సెట్టు తీసి, నీళ్ళున్న చిన్న స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టింది. ఇడ్లీని సాంబారులో బాగా నాననిచ్చి, అంగిలికి నాలుకతో అదిమి మింగింది. అది భోజనం చేయడం కాదు, కడుపు నింపుకోవడం. ఆమెకు షుగర్ ఉంది. నమలడం కష్టమైన కొద్దీ కూరగాయలు, పప్పు గింజలు, చపాతీలు ఒక్కొక్కటే కంచంలోంచి పోయి మెత్తటి అన్నం, ఇడ్లీ, బ్రెడ్డు మిగిలాయి. షుగర్ పెరగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. పళ్ళ విషయం అందం కోసమని తేలిగ్గా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఆ మధ్యాహ్నం తెలిసినవాళ్ళు చెప్పిన ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాం. చల్లటి గది, గోడ నిండా నవ్వుతున్న ముఖాలు. అమ్మ నోరు ఎవరూ తెరిపించి చూడకముందే ఒకమ్మాయి ట్యాబ్‌లో బొమ్మలు చూపించింది. పైన ఆరు, కింద ఆరు ఇంప్లాంట్లు, వాటి మీద ఎప్పటికీ కదలని పళ్ళు. ఖర్చు ఐదు లక్షలు దాటింది. ఈ వారంలోపు అడ్వాన్సు కడితే తగ్గింపు ఇస్తామంది. డాక్టరు వచ్చి రెండు నిమిషాలు చూసి "చేసేయొచ్చు" అన్నారు. షుగర్ ఉందా అని అడగలేదు, ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. ఎముకలో మర దించబోయేవాళ్ళు ఆ రెండు ప్రశ్నలు అడగకుండా ధర చెబితే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది. మేం లేచి వచ్చేశాం.

మరునాడు పొద్దున్నే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళాం. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరే. ఓపీ చీటీ కోసం వరుస పొడుగ్గా ఉంది. చీటీ తీసుకుని కట్టుడు పళ్ళ విభాగంలో కూర్చున్నాం. అక్కడ ఉన్నవాళ్ళలో సగం మంది అమ్మ ఈడువాళ్ళే. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తన కింది సెట్టును రుమాలులోంచి తీసి అమ్మకు చూపించారు. ఆయనకూ అదే గోడు. పై సెట్టు గురించి ఫిర్యాదు చేసినవాళ్ళు నాకు అక్కడ ఒక్కరూ తగలలేదు.

మమ్మల్ని చూసిన పీజీ డాక్టరమ్మాయి మొదట మందుల చీటీలన్నీ అడిగి తీసుకుంది. షుగర్, బీపీ మాత్రలు రాసుకుంది. "ఎముకలు గట్టిపడడానికి ఏడాదికోసారి ఇంజెక్షన్ ఏమైనా తీసుకున్నారా అమ్మా? వారానికోసారి వేసుకునే మాత్ర?" అని గుచ్చి గుచ్చి అడిగింది. ఎముక పలచబడకుండా ఇచ్చే కొన్ని మందులు వాడినవాళ్ళకు దవడలో గాయం చేస్తే మానడం కష్టమవుతుందట. అమ్మ వాడేవి కాల్షియం బిళ్ళలే. తర్వాత గ్లౌజు వేసుకున్న చూపుడువేలితో కింది చిగురు మీద ఒక చివర నుంచి రెండో చివరకు మెల్లగా నొక్కుతూ పోయింది. కుడివైపు ఒకచోటికి రాగానే అమ్మ భుజం ఎగిరిపడింది. వేలు అక్కడే ఉంచి, "ఇక్కడేనా సెట్టు ఒత్తుకునేది?" అంది. అమ్మ తల ఊపింది.

అప్పుడు ఆ అమ్మాయి ఎక్స్‌రే మీద చూపిస్తూ చెప్పిన సంగతి నాకు అంతవరకూ ఎవరూ చెప్పనిది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముకకు రెండు వైపులా ఉండే చిన్న రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. పళ్ళు ఉన్నప్పుడు ఆ రంధ్రం చిగురు అంచుకు చాలా కిందుగా ఉంటుంది. పళ్ళు పోయాక, వాటిని పట్టుకుని ఉండే ఎముకకు పనిలేక ఏటేటా కరుగుతూ వస్తుంది. అలా కరిగి కరిగి ఎముక అంచు ఆ రంధ్రం దాకా దిగిపోతే నరం సరిగ్గా సెట్టు కిందికి వచ్చేస్తుంది. అమ్మ జొన్నరొట్టె కొరికిన ప్రతిసారీ సెట్టు ఆ నరం మీద కూర్చుంటోందన్నమాట. అంతకాలం మేం "అలవాటు కావాలమ్మా, ఓపిక పట్టు" అని చెబుతున్న నొప్పి అది.

త్రీడీ స్కాన్ తీయించి తెచ్చాక ప్రొఫెసర్‌గారు కూర్చోబెట్టి మాట్లాడారు. పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పుతుంది. మధ్యలో పలచటి లాలాజలం పొర ఉండి గాలి చొరబడకుండా పట్టు ఇస్తుంది. కింద ఆ వెసులుబాటు లేదు. మధ్యలో నాలుక ఉంటుంది, అది కదిలినప్పుడల్లా సెట్టును తోస్తుంది. ఆనుకోవడానికి ఉన్న చోటూ తక్కువే. పైగా కింది దవడ ఎముక పైదాని కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కరుగుతుందట. "అందుకే పై దవడనూ కింది దవడనూ ఒకే గాటన కట్టకండి. పైన మంచి సెట్టు చాలు. కింద ముందు భాగంలో, రెండు నరాల రంధ్రాల మధ్య ఎముక బాగానే ఉంది. అక్కడ రెండు ఇంప్లాంట్లు వేసి, వాటిని పట్టుకుని కూర్చునే సెట్టు చేద్దాం" అన్నారు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు సమావేశమై, పళ్ళన్నీ పోయిన కింది దవడకు మొదట సూచించాల్సింది మామూలు సెట్టు కాదని, రెండు ఇంప్లాంట్ల మీది సెట్టేనని ప్రకటించారని కూడా చెప్పారు. అప్పటిదాకా నా మనసులో ఉన్నవి రెండే దారులు: అన్నీ ఇంప్లాంట్లు, లేదా మళ్ళీ మామూలు సెట్టు. ఈ మూడో దారి ఒకటుందని ఆ క్లినిక్‌లో మాట మాత్రంగానైనా అనలేదు.

అమ్మకు ముందు ఆ లోహం మీదే నమ్మకం కుదరలేదు. "ఇనుము లోపల ఉంటే చీము పట్టదా డాక్టరుగారూ?" అని అడిగింది. ఆయన విసుక్కోకుండా చెప్పారు. అది ఇనుము కాదు, టైటానియం. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు కుందేళ్ళ ఎముకల్లో రక్తం ఎలా పారుతుందో చూడడానికి టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని కరుచుకుని పెరిగిపోయింది. 1965లో గోటెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే మనిషి కింది దవడలో అవే మరలు వేశాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. అమ్మ అంతా విని, "అయితే ఆయనదీ కింది దవడేనన్నమాట" అంది.

ప్లాస్టర్ దవడ మీద రెండు మరల నమూనా తెచ్చి అమ్మ చేతికిచ్చారు. సెట్టు లోపలి వైపు రెండు చిన్న గుంటలు, వాటిలో నైలాన్ రింగులు. రెండు బొటనవేళ్ళతో నొక్కితే రవికెకు టిచ్ బటన్ పెట్టినట్టు టక్కుమని కూర్చుంది. అమ్మ లాగింది, రాలేదు. అంచు కింద గోరు పెట్టి ఎత్తితే వచ్చింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ గదిలో ఇంకా ఎంతమంది ఎదురుచూస్తున్నారో పట్టించుకోకుండా చాలాసేపు అదే పనిలో ఉంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నేనూ తమ్ముడూ ఆలోచించనివి. "నేనే తీసి కడుక్కోవచ్చా? రేపు మంచాన పడితే నా కూతురు తీసి కడగగలదా?" కదలని పళ్ళయితే వాటి కింది సందుల్లోకి సన్నటి బ్రష్షు పోనిచ్చి రోజూ శుభ్రం చేయాలి. చూపు తగ్గి, వేళ్ళు వంగనివాళ్ళకు అది కష్టం. శుభ్రం లేకపోతే ఇంప్లాంటు చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి, మర వదులైపోతుంది. తీసి పెట్టుకునే సెట్టయితే గిన్నె కడిగినంత సులువుగా కడగవచ్చు, రెండు మరల తలలను మెత్తటి బ్రష్షుతో తోమితే చాలు. అమ్మ అక్కడికక్కడే తేల్చేసింది: "నాకు తీసి కడుక్కునేదే కావాలి." ఐదు లక్షలు పెట్టడానికి సిద్ధపడిన తమ్ముడికి ఫోనులో ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు. ఖర్చు తక్కువని కాదు, అమ్మ తన రేపటి రోజుల గురించి మాకంటే ముందుగా ఆలోచించి ఉంచుకుందని అర్థమై ఉంటుంది.

అయితే వెంటనే చేయలేదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 8.6 వచ్చింది. దాన్ని ఏడు దగ్గరికి తెస్తేనే గాయం బాగా మానుతుంది, ఎముక మరను పట్టుకుంటుంది అన్నారు. ఈలోగా కొత్త సెట్టు చేస్తామన్నారు. పాత సెట్టు పళ్ళు అరిగి చదునైపోవడంతో గడ్డం ముక్కు దగ్గరికి వచ్చేసింది. పెదవుల మూలలు మాటిమాటికీ పగలడానికీ అదే కారణమట. దవడలు అతిగా దగ్గరపడి ఆ మడతల్లో ఉమ్మి నిలుస్తోంది. పళ్ళు ఎక్కడ రావాలో ముందు కొత్త సెట్టులో కుదిరితే, ఇంప్లాంటు ఎక్కడ దించాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. దించాక కింది దవడలో ఎముక పట్టుకోవడానికి మూడు నెలలు వదిలేసి, అదే సెట్టుకు గుంటలు చేసి రింగులు బిగిస్తారు.

తిరుగు ప్రయాణంలో అలంపురం చౌరస్తాలో దిగి ఆటో ఎక్కాం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు, వాటి పక్కనే జోగులాంబ గుడి. పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో ధ్వంసమైతే అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంచి పూజించారు. ఇప్పటి గుడి 2005లో కట్టింది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఇది ఒకటి. సతీదేవి పై వరుస పళ్ళు పడిన చోటని చెబుతారు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు గానీ ఆ రోజు పూజారి నోట వింటుంటే అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దర్శనం అయ్యాక మంటపంలో కూర్చుని అమ్మ అంది: "పైవి ఆ తల్లే చూసుకుంటోంది పాపా. కిందివి మనం చూసుకోవాలి." నది మీంచి గాలి బాగా వీస్తోంది. ప్రసాదం పులిహోరలో వేరుశెనగ గింజలు ఏరి నా చేతిలో పెట్టి, అన్నం తను తింది.

కొత్త సెట్టు వచ్చింది. నరం ఉన్న చోట లోపలి వైపు గీకి ఖాళీ ఇచ్చారు. ఒత్తుకోవడం తగ్గింది, పెదవుల మూలలు మానాయి. లేవడం మాత్రం పూర్తిగా తగ్గలేదు, తగ్గదని వాళ్ళు ముందే చెప్పారు. అమ్మ అన్నం తగ్గించి కొర్రలు మెత్తగా వండుకుంటోంది, సాయంత్రం కొండారెడ్డి బురుజు దాకా నడుస్తోంది. ఈసారి పరీక్షలో 7.3 వచ్చింది. మార్చి మొదటి వారంలో రమ్మన్నారు. తమ్ముడు సెలవు పెట్టాడు. ఏ కంపెనీ ఇంప్లాంటు, ఎంత లావు, ఎంత పొడవు అన్నది కార్డు మీద రాయించుకోవాలని, ఆ రింగులు అరిగినప్పుడు కర్నూలులోనే మార్చే వీలున్న రకమే వేయమని అడగాలని అమ్మ చీటీ రాయించి పర్సులో పెట్టుకుంది.