ఖాళీ గిన్నె పంపకూడదు

మా అమ్మాయికి పదకొండేళ్లు. థాంక్యూ చెప్పడంలో దానికి లోటు లేదు. బడి బస్సు దిగుతూ డ్రైవరుకు చెబుతుంది, తలుపు పట్టుకున్నవాళ్లకు చెబుతుంది, మంచినీళ్లు అందిస్తే నాకూ చెబుతుంది. పుట్టినరోజుకు వాళ్ల నాన్న హెడ్‌ఫోన్లు తెస్తే, పెట్టె సగం విప్పి, "ఇది పాత మోడలు" అని పక్కకు నెట్టింది. నెట్టాక గుర్తొచ్చినట్టు థాంక్యూ కూడా చెప్పింది. పక్కకు నెట్టినందుకు కాదు, ఆ థాంక్యూకు నాకు ఒళ్లు మండింది.

న్యూజెర్సీలో మా తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి జబ్బుకు ఒకటే మందు చెబుతారు: ఒకసారి ఇండియా తీసుకెళ్లండి, బుద్ధి వస్తుంది. కరెంటు పోవాలి, దోమలు కుట్టాలి, పిల్లలకు తమ అదృష్టం తెలిసిరావాలి. నేనూ ఆ మందునే నమ్మాను. 2025 జూన్ చివరి వారంలో చెన్నైలో విమానం దిగి, కాణిపాకం దగ్గర ఉన్న మా పల్లెకు దాన్ని తీసుకెళ్లాను.

మొదటి రోజు పొద్దున మా అమ్మ దోసెలు పోస్తోంది. ఒక్కో దోసె కంచంలో పడినప్పుడల్లా మా పాప "థాంక్యూ అవ్వా" అంటోంది. నాలుగో దోసెకు అమ్మ అట్లకాడ పక్కన పెట్టి, "ఎందుకు తల్లీ ప్రతిసారీ అలా అంటావు? నేనేమైనా పరాయిదాన్నా?" అంది. పాప ముఖం చిన్నబోయింది. బడిలోనూ ఇంట్లోనూ ఇన్నేళ్లూ మెచ్చుకుంటూ నేర్పిన మాట ఇక్కడ తప్పెలా అయిందో దానికి అర్థం కాలేదు.

నిజానికి మన భాషలో ధన్యవాదాలు అనే మాటకు మైకు కావాలి, శాలువా కావాలి. ఇంట్లో ఎవరంటారు? మా అమ్మమ్మకు నేను ఒక్కసారైనా ఆ మాట చెప్పి ఉంటే, జ్వరం వచ్చిందేమోనని నుదుటి మీద చేయి వేసి చూసేది. వాళ్ల ఉప్పు తిన్నాం అంటాం, ఆవిడ చేయి చల్లగా ఉండాలి అంటాం, ఫలానా వాళ్ల ఋణం తీరేది కాదు అంటాం. అదీ ఎక్కువగా వాళ్లు లేని చోటే. ఇదంతా పదకొండేళ్ల పిల్లకు అమెరికా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "అవ్వకు ఆ మాట అలవాటు లేదులే" అని ఊరుకున్నాను.

దారి అమ్మే చూపింది. పక్కింటివాళ్లు స్టీలు డబ్బాలో ఓళిగలు పంపారు. తినడం అయ్యాక పాప ఆ డబ్బాను తళతళలాడేలా కడిగి, తుడిచి, తిరిగి ఇచ్చి వస్తానని బయలుదేరింది. వాకిట్లోనే అమ్మ ఆపింది. "ఖాళీ గిన్నె పంపకూడదమ్మా." డబ్బా తీసుకుని వేయించిన చెనక్కాయలు (మా వైపు వేరుశనగను అలాగే అంటారు) నాలుగు గుప్పిళ్లు పోసింది, పైన ఒక బెల్లపు ముక్క పెట్టింది.

"అప్పుడు వాళ్లు మళ్లీ ఏదో ఒకటి నింపి పంపుతారు కదా అవ్వా? మనం మళ్లీ నింపాలి. ఇది ఎప్పటికి అయిపోతుంది?"

"అయిపోవడం ఎందుకు?" అంది అమ్మ.

ఇక నా మందు సంగతి. మూడో రోజు సాయంత్రం కరెంటు పోయింది. వాకిట్లో మా తమ్ముడి పిల్లలు చీకట్లోనే ఆడుకుంటున్నారు. ఇదే సమయమనుకుని పాపను దగ్గరకు తీసుకుని, "చూశావా, ఎన్ని లోట్లున్నా వీళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో!" అన్నాను. ట్రాక్టరు దగ్గర ఉన్న తమ్ముడు విన్నాడు. చేతిలో గుడ్డతో బానెట్టు తుడుస్తూనే, "అక్కా, మా ఊరేమైనా నీ కూతురికి వేసిన శిక్షా? మమ్మల్ని చూసి తన అదృష్టం లెక్కపెట్టుకోమని తెచ్చావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ నా వైపు చూడలేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను పుట్టి పెరిగిన ఇంటిని, నా కూతురు మెరుగ్గా కనబడటానికి పక్కన పెట్టే కొలబద్ద చేశానని అప్పుడు గానీ తట్టలేదు.

కాసేపటికి వాడే అన్నాడు, "చూపించాలంటే పని చూపించు. రేపు కాయ కోస్తున్నాం, పంపు."

తమ్ముడికి నాలుగు ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది. చిలకముక్కులా కొన తిరిగిన కాయ. పండుగా తినేవాళ్లు తక్కువ, చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే వెళుతుంది. గెడకర్రకు కట్టిన చిక్కంతో కాయ కోయడం పాపకు రెండు గంటలు ఆట, మూడో గంట పని. తొడిమ తెగిన కాయ నుంచి సొన చింది దాని చెంప మీద పడింది. చురుక్కుమని ఏడ్చింది. కాయలు ఏరుతున్న కూలీ ఆమె ఒకరు తన ముంజేతుల మీది పాత మచ్చలు చూపించి, కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాయించింది. "మానిపోతుందిలే, నాకూ ఇలాగే" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ సంవత్సరం తోతాపురి ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. చేతికి అందేదాకా నమ్మలేమని తమ్ముడి మాట. ధర సరే, ముందు కాయ దించుకునే దిక్కు ఉండాలి కదా. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరుసలో ఉన్నాయి. తమ్ముడు రెండో రాత్రి కూడా అక్కడే ఉన్నాడు. సాయంత్రం నేనూ పాపా క్యారియరు పట్టుకుని వెళ్లాం.

రోడ్డు పక్కన కిలోమీటరు దాటి ట్రాక్టర్లు. ట్రాలీల కింద గోనెసంచులు పరుచుకుని మనుషులు పడుకున్నారు. అడుగున ఉన్న కాయ అప్పటికే మెత్తబడుతోంది. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా వాసన. క్యారియరులో రాగిసంగటి, ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి), మజ్జిగ. వచ్చిన రోజు నుంచీ సంగటి ముద్దను వేలితో పొడిచి వదిలేస్తున్న పాప, వాళ్ల మామ పక్కన టైరుకు ఆనుకుని కూర్చుని సగం ముద్ద తినేసింది. ఆకలికి రుచి తెలియదంటారు, నేను దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోను.

నేను మరిచిపోలేనిది ఆ తర్వాత వేసిన లెక్క. "మామా, ఒక టిన్నుకు ఎన్ని కాయలు పడతాయి?" అని అడిగింది. మామిడి లస్సీ కోసం మా ఇంట్లో తెరిచే టిన్ను దాని మనసులో ఉంది. 850 గ్రాముల గుజ్జుకు కిలోన్నర దాకా పడుతుందని వాడు చెప్పాడు. ఫోనులో లెక్క వేసింది. కిలోకు ఎనిమిది చొప్పున, ఆ కిలోన్నరకు ఫ్యాక్టరీ ఇచ్చేది పన్నెండు రూపాయలు. మేము కొనేది దాదాపు నాలుగు డాలర్లు. మళ్లీ వేసింది. ఎక్కడో తప్పు చేశానని అనుకుంది పాపం. పక్క ట్రాక్టరు పెద్దాయన ఒకరు తొంగి చూసి, "లెక్క సరిగ్గానే ఉందమ్మా, మాదే సరిగ్గా లేదు" అన్నాడు.

తమ్ముడు మాట మార్చాడు. కాణిపాకం పక్కన పారే బాహుదా నదికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాడు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఆకలికి తాళలేక లిఖితుడు అడగకుండా మామిడిపండు కోసుకుంటే రాజు అతని చేతులు నరికించాడు. నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయి. బాహువులు ఇచ్చింది గనుక బాహుదా. కథ చెప్పి, ట్రాలీ వైపు చూపించి, "ఆ రోజుల్లో ఒక్క కాయకు అంత విలువ. ఇప్పుడు మేము తీసుకోండి బాబూ అని బతిమాలుతున్నా దించుకునే దిక్కు లేదు" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పాప నవ్వలేదు. వచ్చేటప్పుడు ఖాళీ క్యారియరు పట్టుకుని నిలబడి, "ఇందులో ఏం వేసి పంపుతారు మామా?" అని అడిగింది. తమ్ముడు మెత్తబడని కాయలు ఏరి మూడు గిన్నెల్లోనూ పెట్టాడు. పెద్దకాయ ఒకటి పట్టక, దాన్ని పాప చేతికే ఇచ్చాడు.

తిరుమల వెళ్లాం. దర్శనం ఎంతసేపు పట్టిందో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూర్చున్నాం. 1985లో రోజుకు రెండు వేల మందితో మొదలైన అన్నదానం ఇది. 2025 నుంచి వడ కూడా వడ్డిస్తున్నారు. కండువా వేసుకున్న సేవకురాలు సాంబారు పోస్తే పాప అలవాటుగా థాంక్యూ అంది. ఆవిడ "గోవిందా" అని ఇంకో గరిటె పోసింది. ఆ మాట దానికి నచ్చింది. చారుకు గోవిందా, మజ్జిగకు గోవిందా.

"ఇక్కడ డబ్బులు ఎవరు కడతారమ్మా?"

"ఎవరెవరో విరాళాలు ఇస్తారు."

"మరి గిన్నె ఎవరికి తిరిగి పంపాలి?"

నేను తలవంచుకుని అన్నం కలుపుకున్నాను. అది మెతుకు మిగల్చకుండా తిని లేచింది. బయటికి వచ్చాక ఐస్‌క్రీము కొనలేదని అరగంట అలిగింది కూడా.

తిరిగి వచ్చిన నెలకు ఒక సాయంత్రం లస్సీకి టిన్ను తెరిచాను. పాప నా చేతిలోంచి లాక్కుని చీటీ చదివింది. కింద చిన్న అక్షరాల్లో చిత్తూరు జిల్లా అని ఉంది. "ఇది మామ కాయేనా?" అంది. చెప్పలేం, ఇది పోయిన ఏడాది తయారైన సరుకు అన్నాను. గుజ్జు గిన్నెలోకి వంపి, టిన్నులో కాసిని నీళ్లు పోసి, గిలకొట్టి, ఆ నీళ్లు కూడా గిన్నెలో పోసింది.

"అయితే పోయిన ఏడాది కిలో ఎంత?"

నాకు తెలియదు. గడియారం చూశాను. ఇక్కడ ఏడు. అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. పాలు పితికే వేళ, తమ్ముడు లేచే ఉంటాడు. ఫోను అప్పటికే దాని చేతిలో ఉంది.