రామప్పకు ఒక్కదాన్నే

ఉప్పల్‌లో హనుమకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న కాసేపటికే, భార్యాపిల్లలతో వచ్చిన ఒకాయన "అక్కా, మీరు జర వెనక సీట్లకు పోతరా? మేం ఫ్యామిలీ ఉన్నం" అని మర్యాదగానే అడిగాడు. ఇన్నేళ్లుగా ఆ మాట వినగానే లేచి వెళ్లడం అలవాటైనందువల్ల నా చెయ్యి అప్పటికే సంచి మీదికి వెళ్లింది. అయినా "నేను ఇక్కడే కూర్చుంటానండి" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లిపోయాడు గాని, నేను మాత్రం భువనగిరి దాటేదాకా మనసులో ఆయనకు సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాను. ముందుగా వచ్చి కూర్చున్న సీటు కోసం ఇంత అపరాధభావం ఎందుకన్న కోపం ఆలేరు దగ్గర గాని రాలేదు.

పక్కనున్న పెద్దావిడ "ఒక్కదానివే పోతున్నవా బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తన సంగతి చెప్పింది. జనగామలో చెల్లెలిని చూడటానికి వెళ్తోందట. "ఇంతకుముందు కిరాయి పైసలు కొడుకునడగాలె, ఎందుకు పోతున్ననో చెప్పాలె. ఇప్పుడు ఆధార్ కార్డు సంచిల ఏసుకొని ఎల్లొస్తున్న" అంది. 2023 డిసెంబరు 9న తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఈ జీరో టికెట్ వల్ల పెరిగిన రద్దీ గురించి, ఆటోవాళ్ల ఆదాయం గురించి ఎన్నో వాదనలు విన్నాను, వాటిలో నిజమూ ఉంది. కాని బయల్దేరడానికి కారణం చెప్పనక్కరలేకపోవడం ఎంత గొప్ప సంగతో ఆవిడంత సూటిగా ఎవరూ చెప్పలేదు. సొంత జీతం ఉన్న నేను ఈ ఒక్కరోజు ప్రయాణానికి ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పి వచ్చాను.

హనుమకొండలో బస్సు మారి ములుగు చేరాను. అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటో అతను అడిగిన కిరాయి మరీ అన్యాయం. బేరమాడినా పెద్దగా తగ్గలేదు.

రామప్పకు ఇదివరకు కుటుంబంతో వచ్చినప్పుడు దర్శనం, ఫోటోలు, పులిహోర, చీకటి పడకముందే లక్నవరం చెరువు చూడాలన్న తొందర తప్ప మరేమీ గుర్తులేదు. ఇంట్లో నాకు భక్తురాలినన్న పేరుంది. అత్తగారి సంతోషం కోసం మొదలుపెట్టిన సోమవారం ఉపవాసాలు ఆ పేరును స్థిరపరిచాయి. ఈసారి గుడి నిలిచిన నక్షత్రాకారపు ఎత్తయిన అరుగు, అంటే జగతి, ఎక్కి, గర్భగుడి వైపు వెళ్లకుండా, చూరు కింద నిలిచిన మదనికల దగ్గరే ఆగిపోయాను. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఎర్రరాతి గుడికి ఈ నల్లరాతి స్త్రీమూర్తులే ప్రాణమని నాకనిపిస్తుంది. ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న మదనికను అందరూ ఫోటో తీసుకుని వెళ్తుంటే, నేను పాములు చుట్టుకున్న నాగిని కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. పదమని పిలిచేవారు లేరు. ఇన్నేళ్లూ దర్శనం వరసల్లో నేను మైమరచి చూసింది స్తంభాలనూ చెక్కడాలనూ. దాన్ని ఇంట్లోవాళ్లు భక్తి అనుకున్నారు, నేనూ అలాగే నమ్మాను.

తిరుగు బస్సులో జనగామ దాకా నిలబడే వచ్చాను. ఇంటికి రాగానే అత్తగారు ప్రసాదం అడిగారు. గుడిలోపలికి వెళ్లలేదని, శిల్పాలు చూసి వచ్చానని, ఇకపై సోమవారాలు ఉపవాసం ఉండనని చెప్పాను. ఆమె నొచ్చుకున్నారు, అది చూసి నాకూ బాధ కలిగింది, కాని మాట మార్చుకోలేదు.

వచ్చే నెల సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి వెళ్తున్నాను. అక్కడి గుళ్లూ రేచర్ల వంశంవారు కట్టించినవే. మావారు తానూ వస్తానన్నారు. రమ్మన్నాను, నేను మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉంటానని, తొందరైతే ఆయన ముందు బస్సుకు బయల్దేరవచ్చని చెప్పాను.