హుమాయూన్ నగర్‌లో ఒక మధ్యాహ్నం

గత జనవరిలో ఒక గురువారం తెల్లవారుజామున విజయవాడలో రైలెక్కి, పది దాటాక సికింద్రాబాదులో దిగాను. డిగ్రీ విద్యార్థులకు స్త్రీల యాత్రారచనల మీద పాఠం తయారు చేసుకుంటున్నప్పుడు, హైదరాబాదుకు చెందిన సుగ్రా హుమాయూన్ మీర్జా అనే ఆవిడ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే ఇరాక్, యూరప్ ప్రయాణాల గురించి ఉర్దూలో పుస్తకాలు రాశారని తెలిసింది. ఇరవై ఏళ్లుగా యాత్రాసాహిత్యం చెబుతున్నానన్న మాటే గాని, పక్క భాషలో, పక్క ఊళ్లో ఉన్న ఈ పేరు అప్పటిదాకా నా చెవిన పడలేదు. ఆమె పుస్తకాలు చదివే భాగ్యం ఉర్దూ రాని నాకు లేదు కనుక, ఆమె తిరిగిన చోట్లనైనా చూసి రావాలనిపించింది.

నాకు తోడుగా వచ్చినావిడ ఉర్దూ ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన స్నేహితురాలు. ఒకప్పుడు పరీక్ష పేపర్లు దిద్దే శిబిరంలో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న పరిచయం మాది. నేను ఆమెను ఆపా, అంటే అక్క, అంటాను. వయసులో చిన్నదాన్నైనా ఆమె నన్ను మేడం అనడం ఇప్పటికీ మానలేదు.

మెట్రోలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిచాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ముందు చూపించాలన్నది ఆపా పట్టుదల. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు నూటయాభై మంది దాకా ఈ చెట్టు కొమ్మల మీద ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరదలో చేసిన సేవకు ఈ నగరానికే చెందిన అమీనా హైదరీ బ్రిటిష్ ప్రభుత్వమిచ్చే కైసర్-ఎ-హింద్ పతకం అందుకున్నారు. జనానాల్లో ఉండే స్త్రీలు నగరం బాగోగుల్ని తమ పనిగా తలకెత్తుకున్న కాలం అది. వరద వచ్చేనాటికి సుగ్రా వయసు ఇరవై నాలుగు.

ఆమె 1884లో ఈ నగరంలోనే పుట్టారు. తండ్రి సఫ్దర్ అలీ మీర్జా నిజాం సైన్యంలో వైద్యుడు. బడి ముఖం చూడకుండా ఇంట్లోనే ఉర్దూ, ఫారసీ నేర్చుకున్నారు. 1901లో పట్నా నుంచి వచ్చిన బారిస్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జాతో పెళ్లయింది. ఆ సంవత్సరం వినగానే నాకు మరొకటి గుర్తొచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని ఇదే నగరంలో స్థాపించింది కూడా 1901లోనే. ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో తెలుగు వాళ్లు తమ గ్రంథాలయం తలుపులు తెరుస్తుండగా, రేపు ఉర్దూ పత్రిక నడపబోయే అమ్మాయి అత్తవారింట అడుగు పెడుతోంది. ఈ రెండు సంగతులూ ఒకే పేజీలో ఉన్న చరిత్ర పుస్తకం నా కంట పడలేదు.

అక్కడి నుంచి లక్డీకాపూల్ దాకా మళ్లీ మెట్రో, ఆపైన ఆటో. హుమాయూన్ నగర్ అనగానే ఆటో అతను, "సరోజినీదేవి కంటి దవాఖానా కాడ దింపాల్నా, పిల్లర్ల దాకా పోవాల్నా?" అని అడిగాడు. మెహిదీపట్నం అవతల ఊరంతా ఫ్లైఓవర్ పిల్లర్ల నంబర్లతోనే చిరునామాలు చెప్పుకుంటుంది. ఇక్కడ మనుషుల పేర్లకు ఎవరికి తీరిక అనుకున్నాను గాని, కాస్త ఆలోచిస్తే ఆ పేటకున్నది ఒక మనిషి పేరే. అది సుగ్రా భర్త పేరు. ఆటో అతనికి ఆ సంగతి చెబితే, "బాద్షా పేరు కాదా మేడం!" అని ఆశ్చర్యపోయాడు. నిజానికి నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

మేం వెతుకుతున్నది సఫ్దరియా బాలికల పాఠశాల. ఆడపిల్లలకు చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పాలని సుగ్రా 1934లో దీన్ని స్థాపించారు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పూనికతో తెలుగు ఆడపిల్లల బడి 1928లో వెలిసింది. రెండింటికీ మధ్య ఆరేళ్లే తేడా. మేం రెండు సందులు తప్పిపోయి, ఒక కిరాణా కొట్టులో అడిగి, చివరికి చేరేసరికి బడి వదిలే వేళయింది. లోపలికి వెళ్లి అడగడం మొహమాటమై గేటుకు ఇవతలే నిలబడ్డాం.

సఫ్దరియా అన్న మాట తండ్రి పేరు నుంచి వచ్చింది. పేటకు భర్త పేరు, బడికి తండ్రి పేరు. మరి ఆవిడ పేరు ఎక్కడ? నేను కొంచెం కోపంగానే అడిగాను. ఆపా నవ్వి, "బడికి పేరు పెట్టింది ఆమే కదా మేడం" అన్నారు. ఆ జవాబు నన్ను పూర్తిగా ఒప్పించలేదు, ఇప్పటికీ ఒప్పించదు. అయినా పేరు దాచుకునే మనిషి పనులు కావు ఆవిడవి. హైదరాబాదు నుంచి 1919లో 'అన్నిసా', అంటే 'స్త్రీలు', అనే పత్రికను మొదలుపెట్టారు. తర్వాత లాహోరు నుంచి వచ్చిన 'జేబున్నిసా'కూ సంపాదకత్వం వహించారు. దక్కను స్త్రీల కోసం అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-దక్కన్ అనే సంఘం పెట్టారు. నవలలు రాశారు, కవిత్వం రాశారు. ఈ నగరంలో పరదా విడిచి బయటి పనులు నడిపిన తొలి ముస్లిం స్త్రీలలో ఆమె ఒకరు. కవిత్వానికి ఆమె పెట్టుకున్న కలం పేరు 'హయా'. అంటే లజ్జ అని ఆపా చెప్పినప్పుడు ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి నవ్వుకున్నాం. ముసుగులో లజ్జ ఉందన్న వాళ్లకు ముసుగు తీసి ఆ మాటనే సంతకంగా పెట్టి చూపించిందనుకోవడం నా ఊహే. ఆమె మనసులో ఏముందో ఎవరికెరుక?

గంట మోగింది. పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు, కొందరు తలకు స్కార్ఫులతో, కొందరు రెండు జడలతో. ఒక అమ్మాయిని పిలిచి, సఫ్దరియా అంటే ఏమిటని ఆపా ఉర్దూలో అడిగారు. "స్కూల్ పేరే కదా ఆంటీ" అని ఆ అమ్మాయి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, స్నేహితురాలి సంచి పట్టుకుని పరుగెత్తింది.

మెహిదీపట్నంలో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, చూసినవీ విన్నవీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. సుగ్రా 1958లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత ఇదే నగరానికి చెందిన మరో ముస్లిం స్త్రీ, మాసూమా బేగం, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరారు. ఇవన్నీ రాస్తుంటే ఆపా వంగి చూసి, "మేడం, సుగ్రా అన్న పేరు అలా పలకరు" అన్నారు. ఉర్దూలో అది గొంతులోంచి రావాల్సిన అక్షరమట. మన గకారం చాలదు, ఘకారం అసలే కాదు. చిన్నది అని ఆ మాటకు అర్థం. మూడు నాలుగు సార్లు పలికించి, నాకు రాదని తేల్చుకుని, ఆవిడ తన చాయ్ అందుకున్నారు. నేను నోటు పుస్తకంలో ఆ గకారం కింద ఒక చుక్క పెట్టుకున్నాను.