పసుపు చుక్క ఉన్న రంధ్రం

మా అబ్బోడు రాత్రిపూట ఒంటరిగా బరువులెత్తుతున్నాడని ఫోన్లో తెలిసినప్పటి నుంచి కువైట్‌లో నాకు సరిగా నిద్ర పట్టలేదు. కడపలో మా ఇంటి పక్కనే రేకుల షెడ్డు ఉంది. కాలేజీ నుంచి వచ్చి, తిని, తొమ్మిదింటికి అందులోకి పోతాడు. బెంచీ మీద వెల్లకిలా పడుకుని 60 కిలోలు రొమ్ము మీదికి దించి మళ్లీ ఎత్తుతాడు. పక్కన మనిషి ఉండడు. మా నాయన కాలంలో తిరునాళ్లలో ఇరుసు ఎత్తేవాళ్లు. అప్పుడు చుట్టూ ఊరంతా ఉండేది.

ఆ ప్రమాదం ఎట్లా ఉంటుందో నేను చూశాను. కువైట్‌లోని ఫహాహీల్‌లో మా క్యాంపు మిద్దె మీద మేమే బరువులెత్తడానికి ఒక బార్ చేసుకున్నాం. 25 మి.మీ. రాడ్డు, రెండు చివర్లా సిమెంటు పోసిన పెయింట్ డబ్బాలు. ఒక శుక్రవారం మా రూమ్మేట్‌కు సగంలో చేతులు ఆగిపోయి బార్ గొంతు మీదికి జారింది. ఇద్దరం పరిగెత్తి చెరో వైపు పట్టుకుని లేపాం. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చూస్తే రాడ్డు వంగిపోయి ఉంది. డబ్బా లోపలికి జరగకుండా నేను వెల్డింగ్ చేసిన రింగు పక్కనే వెంట్రుకంత పగులు. వెల్డింగ్ నా పని. అది చూశాక ఇంకెప్పుడూ బార్ మీద వెల్డింగ్ చేయలేదు.

జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా అక్కడ పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ గంటల్లో సిమెంటు బస్తా కాగితం మీద ర్యాక్ బొమ్మ గీశాను, బెంచీ చుట్టూ నిలబడి జారిన బార్‌ను ఆపే నాలుగు స్తంభాల ఇనుప ఫ్రేము. సంక్రాంతికి సెలవు మీద రాగానే ఆ కాగితం పట్టుకుని ఇనుము కొట్టుకు పోయాం. 75×75 బాక్స్ పైపు, 3 మి.మీ. మందం.

“నాయనా, ఇంకా మందంది తీసుకుందాం, గట్టిగా ఉంటాది” అన్నాడు.

“పైపు విరగదురా. పోతే అతుకు దగ్గర పోతాది” అన్నాను.

జీఐ పైపు వద్దన్నాను. జింకు పూత మీద వెల్డింగ్ పెడితే ఆ పొగకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. నేను పడ్డాను కాబట్టి తెలుసు. నల్ల పైపే తెచ్చాం. నాలుగు స్తంభాలకూ ముందే రంధ్రాలు వేసి, తర్వాత అన్ని మూలలకూ ట్యాకులు, అంటే తాత్కాలికంగా నిలిపే చిన్న వెల్డింగ్ చుక్కలు, పెట్టి డయాగ్నల్ కొలిచాం. 6 మి.మీ. తేడా వచ్చింది. సుత్తితో సరిచేసి, ఒక మూల వెల్డింగ్‌తో నింపగానే దాని ఎదుటి మూల నింపుతూ పోయాను. ఒకే వైపు పోతే వేడికి ఫ్రేము అటు లాగేస్తుంది.

ఎక్కువ రోజులు పట్టింది అడ్డాలకు. రెండు చానల్ ముక్కలు, చివర్లలో 16 మి.మీ. పిన్నులు. బార్ చేయి జారితే ఆగాల్సింది వీటి మీదే. రొమ్ము పైకి లేపి పడుకున్నప్పుడు బార్ రొమ్ముకు తగలాలి, గాలి వదిలేసి చదునుగా పడిపోతే బార్ అడ్డం మీద కూర్చోవాలి, గొంతును తాకకూడదు. ఆ రెండింటికీ మధ్య తేడా కొద్దిగానే. అందుకే బెంచీ ఎత్తు దగ్గర 25 మి.మీ.కి ఒక రంధ్రం వేశాను. వాడు పడుకోకముందే, ఖాళీ బెంచీ మీద 100 కిలోలు జానెడు ఎత్తు నుంచి మూడుసార్లు వదిలాను. టార్చి వేసి ఒక్కో అతుకూ చూశాను.

బార్ మాత్రం కొన్నాం. 20 కిలోలు, 2.2 మీటర్లు, పట్టు దగ్గర 28 మి.మీ. మామూలు ఇనుము ఒకసారి వంగితే వంగినట్టే ఉండిపోతుంది, బార్‌కు వాడే ఉక్కు స్ప్రింగులా తిరిగి వస్తుంది. దానికి తగిలించే బరువు చక్రాలు కొనకుండా మేమే చేయించుకున్నాం. 12 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 94.2 కిలోలు. ఆ లెక్కన 371 మి.మీ. చక్రం, మధ్యలో 51 మి.మీ. రంధ్రం తీస్తే 10 కిలోలు. లేత్ షాపులో తిప్పించి బియ్యం అంగడి కాటా మీద పెట్టాం. పది గ్రాములు అటూ ఇటూ అంతే. అబ్బోడు ఆ కాటా చూసి నవ్విన నవ్వు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

మొదటి రోజే నేల మీద నుంచి ఎత్తి దించేటప్పుడు కడప బండ ఒకటి ఫట్‌మని పగిలింది. ఎర్రగుంట్ల పాత సామాన్ల కొట్టులో కన్వేయర్ బెల్టు ముక్కలు దొరికితే తెచ్చి రెండు వరసలు పరిచాం.

విమానం ఎక్కే ముందు రోజు వాణ్ని పడుకోబెట్టి కొలిచి, సరిపోయే రంధ్రం పక్కన పసుపు పెయింటు చుక్క పెట్టాను. నిన్న వీడియో కాల్లో చూస్తే పిన్ను ఆ చుక్కకు ఒక రంధ్రం పైన ఉంది.

“ఎందుకు మార్చినావు?” అని గాబరాగా అడిగాను.

“రొమ్ము పెరిగింది నాయనా, కొలిచే పెట్టినాలే” అన్నాడు.