సంచిలో రెండో రాయి

జనవరి నెలంతా మా కొట్టుకి వచ్చే విశ్వాసుల నోట ఒకటే మాట. "అన్నా, ఈ ఏడాది మీకేం వాగ్దానం వచ్చింది?" డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక బుట్టలోంచి తీసుకునే, బైబిలు వచనం అచ్చేసిన కార్డు గురించి. అది ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది, బీరువా అద్దానికి ఎక్కుతుంది, బండి ట్యాంకు మీదికి ఎక్కుతుంది. నేనూ తీస్తాను, నేనూ అంటిస్తాను. కానీ ఆ కార్డులు అచ్చు వేసేవాళ్ళ మీద నాకు పాత కోపం ఒకటి ఉంది. కత్తెర పట్టుకుని వాక్యాన్ని సగానికి కోసేస్తారు.

ఒక ఏడాది నాకు హెబ్రీ 13:5 వచ్చింది. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." చుట్టూ గులాబీ పూలు, వెనకాల సముద్రం బొమ్మ. ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే ఆ వచనం అక్కడ మొదలవదు. "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి" అని మొదలవుతుంది. ఆ ముక్క కార్డు మీద లేదు. గల్లాపెట్టె ముందు కూర్చునేవాడికి పై సగం దాచేసి కింది సగం చేతిలో పెట్టారన్నమాట.

లూకా 6:38 గతీ అంతే. "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును, అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మనుష్యులు మీ ఒడిలో కొలుతురు." ఈ వచనం మనకి ఎప్పుడు వినపడుతుంది? కానుకల సంచి వరసల్లోకి వచ్చేటప్పుడు. వందకి వెయ్యి, వెయ్యికి లక్ష. దానికి ముందున్న రెండు వచనాలూ ఎవరు చదువుతున్నారు? "మీ తండ్రి కనికరముగలవాడై యున్నట్టు మీరును కనికరముగలవారై యుండుడి." ఆ తరవాత తీర్పు తీర్చవద్దు, నేరం మోపవద్దు, క్షమించండి. ఆ తరవాతే ఇయ్యుడి. ప్రభువు అక్కడ కొలవమంటున్నది నోట్లు ఒక్కటే కాదు, ఎదుటి మనిషి తప్పుని కూడా. ఏ కొలతతో కొలిస్తే ఆ కొలతే మళ్ళీ మన ఒళ్ళోకి వస్తుంది అన్న చివరి మాటకి మాత్రం ఎవరూ ఆమెన్ అనరు.

మన విశాఖ క్రైస్తవులకైతే ఆ లూకా సువార్త మీద ఇంకాస్త మమకారం ఉండాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు ఈ ఊళ్ళోనే మకాం పెట్టి తెలుగు నేర్చుకున్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలకి తెలుగు అనువాదం ఇక్కడే మొదలైంది. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. అచ్చయిన పుస్తకం కళ్ళజూసుకునే యోగం కూడా లేదు. ఇయ్యుడి అన్న మాట మనకిచ్చిన మనుషులు తమ ఒళ్ళోకి ఏ కొలతా కొలిపించుకోలేదు. మనమేమో అదే వచనానికి వడ్డీ లెక్క కడుతున్నాం.

సరే, నేను కిరాణా కొట్టు మనిషిని. కంచరపాలెంలో మా నాన్నగారు పెట్టిన కొట్టు. అందుకేనేమో బైబిల్లో త్రాసు, గుండు, తూము అన్న మాటలు కనపడితే నా వేలు అక్కడే ఆగిపోతుంది. ఒక్క సామెతల గ్రంథమే ఈ సంగతి నాలుగుసార్లు ఎత్తుతుంది. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అన్న 11:1 అందరికీ నోటికొచ్చు. నాకు మాత్రం ద్వితీయోపదేశకాండం 25:13 మీదే మనసు. హెచ్చుతగ్గులున్న వేరువేరు తూనిక రాళ్ళు నీ సంచిలో ఉంచుకోకూడదు అంటాడు. జాగ్రత్తగా చూడండి. వాటితో తూచకూడదు అనడం లేదు, ఉంచుకోకూడదు అంటున్నాడు. కొనేటప్పుడు బరువు రాయి, అమ్మేటప్పుడు తేలిక రాయి. రెండూ ఒకే సంచిలో, ఒకదాన్నొకటి రాసుకుంటూ.

మా నాన్నగారి కాలంలో మాదీ పళ్ళేల తక్కెడే. ఇనప గుండ్లే అయినా ఆయన "రాళ్ళు" అనే అనేవారు. "ఒరే, అరకిలో రాయి ఇటియ్యి." ఒకసారి రాయి తిరగేసి కింద చిన్న గుంట చూపించారు. అందులో సీసం పోసి ఉంది, దాని మీద తూనికలు కొలతల శాఖ వాళ్ళు కొట్టిన ముద్ర. సీసం కాస్త గీకేస్తే పైకి రాయి రాయిలాగే ఉంటుంది, బరువు మాత్రం తగ్గిపోతుంది. "పైన చూసి ఏ రాయినీ నమ్మకు, తిరగేసి చూడు" అనేవారు. ఆయన పెద్ద భక్తిపరుడేం కాదు, పండక్కి తప్ప గుడికొచ్చేవారు కాదు. రాళ్ళు మాత్రం ఏ రోజూ తేడా రాలేదు. ఈ ముక్క చెప్తే మా సంఘంలో కొందరికి నచ్చదు.

హీబ్రూలో రాయినీ తూనిక గుండునీ ఒకే మాటతో పిలుస్తారు: ఎబెన్. ద్వితీయోపదేశకాండంలో ఆ చోట మాటకి మాట చూస్తే "రాయి, రాయి" అని ఉంటుంది, ఒక రాయీ ఇంకో రాయీ అని. ఈ ఎబెన్ మనకి తెలియని మాట కాదు. సమూయేలు మిస్పాకీ షేనుకీ మధ్య ఒక రాయి నిలబెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడే, ఆ ఎబెనెజరులో ఉన్నది ఈ ఎబెనే. సహాయపు రాయి. మన ఊళ్ళో ఎన్ని గేట్ల మీద, ఎన్ని ఆటోల వెనకాల ఎబెనెజరు అని రాసి ఉంటుందో లెక్కలేదు. గేటు మీద ఒక ఎబెన్, లోపల సంచిలో రెండు ఎబెన్‌లు!

త్రాసు లేని ఇళ్ళలో కూడా ఆ సంచి ఉంటుంది. కూతురు అత్తారింట్లో గట్టిగా మాట్లాడితే "మా అమ్మాయికి నోరుంది, నెగ్గుకొస్తుంది" అంటాం, కోడలు అదే మాట అంటే ఇంకో రాయి తీస్తాం. పిల్ల పెళ్ళికి కట్నం అడిగినవాళ్ళు రాక్షసులు, పిల్లాడి పెళ్ళికొచ్చేసరికి అది "వాళ్ళ సంతోషం కొద్దీ పెట్టింది" అయిపోతుంది. పక్క సంఘం పాస్టరు గారు కారు కొంటే లోకాశ, మన అయ్యగారు కొంటే ఆశీర్వాదం. ఇంక కులం సంగతి. ఒకే బల్ల మీద రొట్టె విరుస్తాం, ఒకే పాత్రలోది తాగుతాం. సంబంధాల మాట వచ్చేసరికి సంచిలో చెయ్యి పెట్టి ఏ రాయి తీస్తామో నేను చెప్పక్కర్లేదు. తప్పుత్రాసును, తప్పు రాళ్ళ సంచిని ఉంచుకుని నేను పవిత్రుడనగుదునా అని మీకా 6:11 అడుగుతుంది. ఆమోసులో వ్యాపారులైతే విశ్రాంతిదినం ఎప్పుడైపోతుందా, ఎప్పుడు కొట్టు తెరుద్దామా, తూము ఎప్పుడు చిన్నది చేద్దామా అని చూస్తుంటారు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటాక గడియారం వైపు చూసే నా లాంటివాళ్ళకి ఆ వచనం చదవడం కష్టం.

లేవీయకాండం 19:36లో ఇదే ఆజ్ఞ మళ్ళీ వస్తుంది. న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు, న్యాయమైన తూము, న్యాయమైన పడి మీకుండవలెను. వెంటనే, "నేను ఐగుప్తుదేశములోనుండి మిమ్మును రప్పించిన మీ దేవుడనైన యెహోవాను." పంచదార తూచే సంగతిలోకి ఐగుప్తు ఎందుకొచ్చింది? చాలా ఏళ్ళు ఇది నాకు అర్థం కాలేదు. నిర్గమకాండం 5 చదువుతుంటే తట్టింది. ఐగుప్తు రాజు ఫరో, బానిసలైన ఇశ్రాయేలీయులు చేసే ఇటుకలకి గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గించలేదు. ఇచ్చేదానికి ఒక రాయి, పుచ్చుకునేదానికి ఇంకో రాయి. వాళ్ళు ఆ దొంగత్రాసు కింద నలిగిన జనం. ఆ మూలుగు విని దేవుడు దిగొచ్చి విడిపించాడు. అలాంటి జనం చేతిలో త్రాసు పెడుతూ, మీరెక్కడినుంచి వచ్చారో గుర్తుంచుకోండి అంటున్నాడు. అంటే ఆ ఆజ్ఞ కింద ఉన్నది పోలీసు సంతకం కాదు, కనికరం సంతకం. ఆయన మన వంతుకీ సరిగ్గా తూచుంటే? "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" త్రాసులో తేలిపోతాం. దానియేలు గ్రంథంలో దేవుడు త్రాసులో తూచిన బెల్షస్సరు రాజు ఒక్కడే కాదు తక్కువగా కనబడినవాడు. మన పళ్ళెం పైకి లేచిపోతుంటే రెండో చెయ్యి వేసి కిందికి దించినవాడు ఒకడున్నాడు కాబట్టి ఈ పూట ఇలా కూర్చుని రాసుకుంటున్నాను.

ఇంత చెప్పాను కదా, ఇప్పుడు నా సంచి విప్పుతాను.

కరోనా తరవాత ఒక డిసెంబరు. క్రిస్మస్ సరుకుల రద్దీ. మైదా, పంచదార, జీడిపప్పు, కిస్‌మిస్, క్షణం తీరిక లేదు. మా ఎలక్ట్రానిక్ కాటా ఉన్నట్టుండి ఖాళీ పళ్ళెం మీదే 20 గ్రాములు చూపించడం మొదలెట్టింది. జీరో బటన్ నొక్కితే సున్నాకి వచ్చేది, కాసేపటికి మళ్ళీ 20కి పాకేది. మొదటి రోజు ప్రతి తూకానికీ నొక్కాను. రెండో రోజు గుర్తొచ్చినప్పుడు నొక్కాను. మూడో రోజు గుర్తొచ్చినా నొక్కలేదు. మెకానిక్కి పండగ అయ్యాక ఫోన్ చేద్దాంలే, ఇరవై గ్రాములకి ఎవరు చస్తారు అనుకున్నాను. పిల్లాడి ఫీజు టెన్షన్ ఒకటి నెత్తి మీద ఉంది. అది సాకు కాదు, ఉన్నమాట.

తరవాత ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. రోజుకి డెబ్బై తూకాలు అనుకుంటే కిలో నాలుగు వందల గ్రాములు. పది రోజులకి పద్నాలుగు కిలోలు. దానికన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. అయిదు కిలోలు కొనేవాడికి ఇరవై గ్రాములు లెక్కలోకే రాదు, పైగా ఆయన సీలు వేసిన ప్యాకెట్టే తీసుకుంటాడు. వంద గ్రాములు పొట్లం కట్టించుకునేవాళ్ళకి అది అయిదో వంతు. ఎవరు ఎంత పేదవాళ్ళైతే నా కాటా వాళ్ళని అంత గట్టిగా కొట్టింది.

పండక్కి ముందే కాటా బాగు చేయించాను. నోరు మాత్రం విప్పలేదు. 31 రాత్రి మా గుళ్ళో సాక్ష్యాలు చెప్తున్నారు. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే మామ్మ ఒకావిడ లేచింది. ఏడాదిలో జరిగిన మేళ్ళన్నీ చెప్పి చివర్లో, "మా కొట్టు బాబు కోసం కూడా దేవుడికి స్తోత్రం. కరోనాలో పని లేకపోతే మూణ్ణెల్లు బియ్యం రాసుకుని ఇచ్చినాడు" అంది. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఆ డిసెంబరులో ఆవిడ నా దగ్గర పంచదార రెండుసార్లు కొంది, రెండుసార్లూ పావుకిలో. ఆ రాత్రి బుట్ట నా ముందుకి వచ్చినప్పుడు తీసిన కార్డే ఇందాక చెప్పిన హెబ్రీ 13:5.

నాలుగు రోజులు ఆగి, కిలో పంచదార పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. సువార్తలో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, మనం ఇంకా ఎక్కువే ఇస్తున్నాంలే అని దారి పొడుగునా లోపల ఒక పొగరు కూడా ఉంది. గుమ్మంలో నిలబడి కాటా సంగతి మొత్తం చెప్పేశాను.

ఆవిడ నవ్వింది. "నాకు తెల్దేటి బాబూ? మా పచ్చడి సీసాకి పావుకిలో పంచదార మెడ దాకా వస్తాది. ఆ రెండు మాట్లూ మెడ కిందే ఆగిపోనాది."

"మరి అడగలేదేం మామ్మా?"

"పండగ పూట అడిగితే నువ్వు సిగ్గుపడిపోతావు కదేటి. సీసాయే సాగిపోనాదేమో అనుకున్నాను."

తెలిసే అందరి ముందూ లేచి స్తోత్రం చెప్పింది.

"మొత్తం ఎంత తగ్గినాది?" అని అడిగింది. నలభై గ్రాములన్నాను. ప్యాకెట్టు చింపి, ఒక గుప్పెడు తీసి సీసాలో పోసుకుంది. ఎక్కువైందనుకుందో ఏమో, రెండు వేళ్ళతో కాస్త వెనక్కి తీసింది. మిగతా ప్యాకెట్టుకి రబ్బరు బ్యాండు చుట్టి నా చేతిలో పెట్టేసింది. ఉంచుకో మామ్మా అని ఎంత బతిమాలినా వినలేదు. "ఇది నాది కాదు బాబూ" అంది.

తరవాత "కూకో, టీ పెడతాను" అని లోపలికెళ్ళింది. గ్లాసు చేతికిచ్చింది. టీలో పంచదార మాత్రం బాగా ఎక్కువైంది.