ఎండిన వేపచెట్టు మీదికి గొడ్డలి తీసుకెళ్లే ముందు

2021 చివర్లో తెలంగాణలో ఎటు పోయినా వేపచెట్లు ఎండిపోయి కనిపించాయి గుర్తుందా, రోడ్ల పక్కన, పొలం గట్ల మీద, గుళ్ల దగ్గర, అన్నిచోట్లా కొమ్మల చివర్లు మంట సెగ తగిలినట్టు మాడిపోయి ఉండేవి. వేపకి కూడా కరోనా వచ్చిందన్నారు, సెల్ టవర్ల వల్లే అన్నారు, అమ్మవారికి కోపం వచ్చిందని కూడా అన్నారు (ఈ చివరిది నమ్మినవాళ్లే నయం, చెట్టు జోలికి పోలేదు).

అసలు సంగతి ఫంగస్. ఫోమోప్సిస్ అజాడిరాక్టే దాని పేరు, జబ్బుని డైబ్యాక్ అంటారు, అంటే కొమ్మ చివర మొదలై వెనక్కి ఎండుకుంటూ వస్తుందన్నమాట. కొత్తదేం కాదు, 1990ల్లోనే డెహ్రాడూన్ వైపు చూశారు. మనదగ్గర దీనికి టీ దోమ అనే పురుగు తోడైంది. జీడిమామిడి వేసినోళ్లకి ఈ దోమ సంగతి చెప్పక్కర్లేదు, లేత చిగుళ్లలో రసం పీలుస్తుంది, అది పొడిచినచోట గాయమై అక్కడినుంచి ఫంగస్ లోపలికి దూరుతుంది. వానాకాలంలో అంటుకుని చలికాలం వచ్చేసరికి చెట్టంతా గోధుమరంగుకి తిరుగుతుంది, పూత కాయ కూడా బాగా దెబ్బతింటాయి.

ఎండిన పుల్ల ఒకటి విరిచి చూడండి, పైన సన్నటి నల్ల చుక్కలుంటాయి, అవే ఫంగస్ బొడిపెలు. వానకి వాటిలోంచే బీజాలు చిమ్ముతాయి. అదే చెట్టు మొదట్లో లావు కొమ్మని గోరుతో గీకితే లోపల పచ్చగా తడిగా ఉంటుంది, అంటే చెట్టు బతికే ఉందని. మా కాలనీ కమిటీవాళ్లు ఇది చూడకుండానే ఎండిపోయిందని రెండు కొట్టించేశారు, మూడోది కూలోళ్లు రాక మిగిలిపోయింది, ఎండాకాలానికల్లా శుభ్రంగా చిగురేసింది. నాకు ఇప్పటికీ ఆ కమిటీవాళ్ల మీద మంటే.

మందంటారా, ఫంగస్‌కి కార్బెండజిమ్ కొట్టి దోమకి వేరే మందు కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. మొక్కలకైతే సరే, నలభై అడుగుల చెట్టుకి ఎవడు కొడతాడండీ, ఎక్కువ చెట్లు వాటంతటవే తేరుకున్నాయి. చిన్న చెట్లకి మాత్రం ఎండిన కొమ్మల్ని కాస్త పచ్చిభాగం కలిపి కోసి కాల్చెయ్యండి, అక్కడే పడేస్తే లాభం లేదు. ఇంకోటి, ఈ ఫంగస్ గింజల్లో కూడా వస్తుంది, నర్సరీ కోసం వేపగింజలు ఏరేవాళ్లు జబ్బుచేసిన చెట్టు కింద ఏరకండి.